ఇప్పుడు చెప్పు

మా మేనత్తను వీధంతా చెప్పులత్త అంటారు. ఆమెకన్నా వయసులో పెద్దవాళ్ళు కూడా అలాగే పిలుస్తారు. ఆ పిలుపు ఆమెకు ఇష్టమే. ఇష్టం లేకపోతే అలా రెండోసారి పిలిచే సాహసం ఎవరూ చేసి ఉండరు. ఎందుకో తెలియాలంటే, ఆమె పని గురించి చెప్పేముందు ఆమె పగ గురించి చెప్పాలి.

వయసులో ఉన్నప్పుడు అత్త ఒక బూట్ల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసేది. అక్కడి మేస్త్రీ ఒకరోజు ఆమె కుట్టిన బూటు పైకెత్తి అందరికీ చూపించి, "ఇదీ ఒక కుట్టేనా? నెల తిరక్కుండా విప్పుకుంటుంది" అన్నాడట. అత్త ఆ జత తనే కొనుక్కుని ఇంటికి తెచ్చి మా మామయ్య చేత తొడిగించింది. ఆయన వాటితో వానలో, బురదలో, ఎండలో తిరిగాడు. పైతోలు పగిలింది, అడుగు అరిగింది, కుట్టు మాత్రం కదల్లేదు. అప్పుడు ఒక బూటును శుభ్రంగా తుడిచి అటక మీద దాచింది. చాలా ఏళ్ళ తర్వాత ఆ మేస్త్రీ రిటైరై, కాలు వంకరగా ఉన్న మనవరాలిని ఎత్తుకుని అత్త దగ్గరికే వచ్చాడు. అత్త ఆ పిల్ల కాలు కొలిచింది, ఆయనకు మంచినీళ్ళిచ్చింది, అన్నిటికన్నా శ్రద్ధగా ఆ బూట్లు కుట్టింది. తీసుకెళ్ళే రోజున కొత్త జత పక్కనే పాత బూటు పెట్టి, "దీని కుట్టు విప్పుకుందేమో కాస్త చూసి పెట్టండి" అంది.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎప్పటికో వెలిగింది.

"అది పాత సంగతి కదమ్మా" అన్నాడు.

"మీకు పాతది" అంది అత్త.

ఫ్యాక్టరీ మానేశాక ఆమె ఒక ఆసుపత్రిలో వంకర కాళ్ళ పిల్లలకు బూట్లు తయారుచేసే విభాగంలో చేరింది. మామయ్య పోయాక ఆ ఉద్యోగమూ వదిలేసి ఇంటి ముందుగదినే పనిగది చేసుకుంది. తలుపు తీయగానే జిగురు వాసన, తోలు వాసన కలిసి మొహానికి కొడతాయి. కిటికీ పక్కన కుట్టుమిషను. గోడ పొడుగునా చెక్కతో చేసిన పాదాల అచ్చులు. నేల మీద ఎంత ఊడ్చినా పోని కార్కు పొడి. మూలనున్న బల్ల మీద, పొడి పడకుండా పాత దుప్పటి కప్పిన కంప్యూటర్.

మా పాపకు పుట్టుకతోనే ఎడమ పాదం లోపలికి తిరిగి ఉంది. డాక్టర్లు కట్లు వేసి చాలావరకు సరిచేశారు. మిగతాది బూట్లు చేయాలి. నేను నీటి నాణ్యత పరీక్షించే ప్రయోగశాలలో పనిచేస్తాను. కొలిచి చూడంది ఏదీ నమ్మొద్దని నేర్పే ఉద్యోగం అది. తల్లినయ్యాక ఆ అలవాటు ముదిరి, నిద్రపోతున్న పాప కాలు కూడా స్కేలు పెట్టి చూసేదాన్ని. అత్త పని చూసిన రోజున నాకు మొదటిసారి కాస్త ఊపిరి ఆడింది.

ఆమె చేతిలో పట్టుకునే చిన్న స్కానర్‌ను పాదం చుట్టూ తిప్పుతుంది. తెర మీద పాదం ఆకారం ఎర్రగా తేలుతుంది. దాని మీద పోయినసారి తీసిన ఆకారాన్ని నీలంగా పరుస్తుంది. నీలం దాటి ఎరుపు ఎక్కడ బయటికి వచ్చిందో చూసి, బూటు లోపల కార్కు ఎక్కడ ఎత్తు పెంచాలో, ఎక్కడ చెక్కెయ్యాలో తేల్చుకుంటుంది. పాదం ఇప్పుడు ఎలా ఉందన్నది ఒక్కటే తెలిస్తే చాలదు, ఏ వైపు నుంచి వచ్చి ఇక్కడికి చేరిందో తెలియాలి. అందుకే ఆమె దగ్గరికి వచ్చే పిల్లలందరి పాదాలూ, మొదటి బూటు నాటి నుంచీ, ఆ దుప్పటి కింద కంప్యూటర్లో ఉండేవి.

ఇక పాస్‌వర్డ్ సంగతి. స్కానర్ అమ్మిన దుకాణం వాళ్ళు, ఏదైనా చెడిపోతే అంత దూరం రాకుండా తమ చోటి నుంచే బాగుచేయడానికి ఒక ప్రోగ్రామ్ ఎక్కించారు. కంప్యూటర్‌కు ఒక నెంబరు ఉంటుంది. ఆ నెంబరూ, పాస్‌వర్డూ తెలిస్తే చాలు, ఎక్కడ కూర్చునైనా దాన్ని నడపవచ్చు. ఎక్కించిన రోజున వాళ్ళ మెకానిక్ ఫోన్ చేశాడు. అప్పుడు నేనూ, మా చిన్నమామయ్యా అక్కడే ఉన్నాం.

"పాస్‌వర్డ్ ఏం పెట్టమంటారండీ?"

"చెప్పు" అంది అత్త.

"మీరే చెప్పాలండీ."

"చెప్పానుగా. చెప్పు."

"నేనెలా చెప్తానండీ, అది మీ ఇష్టం."

"నా ఇష్టమేరా బాబూ, చెప్పు. కాలికి వేసుకునేది."

చిన్నమామయ్య కుర్చీలోంచి జారిపోయేంత నవ్వాడు. ఆయన మా మామయ్యకు సొంత తమ్ముడు. వేడుకల్లో మైకు పట్టుకుని జనాన్ని నవ్వించడం ఆయన బతుకుతెరువు. ఈ మధ్య ఫోన్లో వీడియోలు తీసి పెట్టడం కూడా మొదలుపెట్టాడు. నవ్వించే మాట ఒకటి దొరికిందంటే అది అరిగి చిల్లు పడేదాకా వదలడు. ఆరోజు నుంచి ఎవరింట్లో నలుగురు చేరినా వదిన పాస్‌వర్డ్ కథ వినిపించాల్సిందే. అత్త కూడా నవ్వేది. ఆ జోకు తనది అని లోలోపల కొంచెం గర్వం కూడా ఉండేదనుకుంటాను.

చివరికి దాన్ని వీడియో కూడా చేశాడు. అత్త ఏప్రాన్ కట్టుకుని, అత్త స్టూలు మీద కూర్చుని, అత్త గొంతూ మెకానిక్ గొంతూ తానే అనుకరిస్తూ చేశాడు. దాన్ని జనం విరగబడి చూశారు. మా ప్రయోగశాలలో వాళ్ళు కూడా నాకే పంపించి, చూడు భలే ఉంది అన్నారు.

తర్వాత కొన్నాళ్ళకు పాప బూట్లు బిగుతయ్యాయి. మడమ దగ్గర ఎరుపు కనబడగానే నేను ఉదయమే సెలవు పెట్టి తీసుకెళ్ళాను. తలుపు తెరిచే ఉంది. అత్త తెర ముందు నిలబడి ఉంది. నన్ను చూసి పాపను దించమని కూడా అనలేదు.

"ఇదేంటో చూడు" అంది.

తెర నిండా ఎర్రటి అక్షరాలు. పిల్లల పేర్లతో ఉన్న ఫైళ్ళన్నిటికీ వెనక ఏదో అర్థంలేని తోక తగిలి ఉంది. ఒకటీ తెరుచుకోవడం లేదు. మీ ఫైళ్ళకు తాళం వేశాం, తాళంచెవి కావాలంటే డబ్బు పంపండి, ఈ చిరునామాకు రాయండి అని ఇంగ్లీషులో ఉంది. ఆ ఇంగ్లీషు అంతా అయ్యాక, చివరి వరుసలో, ఇంగ్లీషు అక్షరాల్లోనే రెండు మన మాటలు ఉన్నాయి.

ఇప్పుడు చెప్పు.

నేను ముందు ఇంటర్నెట్ తీగ పీకేశాను. తర్వాత అత్తకు అర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నించాను. దీన్ని ర్యాన్సమ్‌వేర్ అంటారనీ, ఫైళ్ళను ఎత్తుకుపోనక్కర్లేకుండా ఉన్నచోటే చదవడానికి వీల్లేకుండా కలిపేస్తుందనీ, విడదీసే తాళంచెవి అది వేసినవాడి దగ్గర మాత్రమే ఉంటుందనీ చెప్పాను.

"కాపీ ఉందిగా. నువ్వే కొనిపించావు" అంది.

కాపీ డిస్కు కంప్యూటర్ వెనకే ఉంది. కొన్న రోజు తగిలించింది తగిలించినట్టే ఉంది. దాంట్లోవాటికీ అదే తోక.

అత్త దాన్ని చేతిలోకి తీసుకుంది. "రెండో తాళంచెవి కూడా అదే గుత్తికి తగిలించి తలుపుకే వదిలేశానన్నమాట" అంది.

డబ్బిస్తే తాళం తీస్తాడేమో అన్న ఆశ నాకు ఉంది. పాప మడమ కళ్ళ ముందే ఎర్రగా కనబడుతుంటే ఏ ఆశ అయినా పుడుతుంది. అత్త ఒప్పుకోలేదు.

"ఇస్తే తీస్తాడని ఎవరు చెప్పారు? తీసినా మళ్ళీ వెయ్యడని ఎవరు చెప్పారు? అవి పసిపిల్లల కాళ్ళు. వాటి మీద వాణ్ణి బతకనివ్వను."

పోలీసు స్టేషన్లో ఫిర్యాదు తీసుకున్నారు. అక్కడి అధికారి మర్యాదగానే మాట్లాడాడు. ఇలాంటివాళ్ళు ఎక్కడో సముద్రాల అవతల ఉంటారు, దొరకడం కష్టం అన్నాడు. అత్త తెర ఫొటో ఆయన ముందు పెట్టి చివరి వరుస మీద వేలు ఆనించింది.

"సముద్రాల అవతల కాదండీ. నా జోకుకు నవ్వినవాళ్ళలోనే ఒకడు."

ఇంటికి వచ్చాక చిన్నమామయ్య వీడియో పెట్టుకుని ఇద్దరం మళ్ళీ చూశాం. ఈసారి ఆయన్ని కాకుండా ఆయన వెనక ఏముందో చూశాం. ఆయన భుజం మీదుగా కంప్యూటర్ తెర వెలుగుతోంది. మెకానిక్ ప్రోగ్రామ్ తెరిచే ఉంది. దాని నెంబరు, కళ్ళజోడు లేని అత్తకు కూడా కనబడేంత పెద్దగా ఉంది. పాస్‌వర్డ్ ఏమిటో ఆయనే రెండు గొంతులతో పదేపదే చెబుతున్నాడు.

అత్త ఆయనకు ఫోన్ చేసి పిలిపించింది.

"ఆ వీడియో తియ్యి" అంది.

"తీశాగా వదినా, బ్రహ్మాండంగా వచ్చింది."

"తీసెయ్యి అంటున్నా."

ఆయన మొహం కాస్త వాడింది. "నా వీడియో వల్లే అంటే ఎలా వదినా? ప్రపంచంలో రోజుకు ఎన్ని కంప్యూటర్లు పోవడం లేదు? ఎవడో దూరదేశం దొంగ."

"దూరదేశం దొంగకు ఇప్పుడు చెప్పు అనడం ఎవరు నేర్పారు?"

"అబ్బా, ఏదో కాకతాళీయం. నాకు ఇంతవరకు ఇంతమంది ఏ వీడియోకీ రాలేదు. నీ పేరెక్కడా చెప్పలేదు కూడా."

"సరే" అంది అత్త. ఆమె సరే అన్నప్పుడు భయపడాలని ఆయనకు ఇన్నేళ్ళయినా తెలియకపోవడం నాకు ఆశ్చర్యం.

ముందు పిల్లల సంగతి చూడాలి. పాప పాత ఆకారం లేకుండా కొత్త బూటు ఎలా అని నేను బెంగపడుతుంటే అత్త ఉన్నట్టుండి, "పాత బూట్లు పారేశావా?" అని అడిగింది. నేను పాప వాడిన గుడ్డముక్క కూడా పారెయ్యను. మంచం కింద అట్టపెట్టెలో మొదటి జత నుంచీ అన్నీ ఉన్నాయి. అత్త ఒక్కొక్క బూటును పదునైన కత్తితో నిలువునా చీల్చి, లోపల అట్టను జాగ్రత్తగా ఊడదీసింది. పాప పాదం ఒత్తిన గుంట ఆ అట్ట మీద నల్లగా, నున్నగా, వేళ్ళతో సహా ఉంది. నా ల్యాప్‌టాప్‌కు తగిలించిన స్కానర్‌ను దాని మీద తిప్పింది. తెర మీద నీలం రంగు మళ్ళీ వచ్చింది. అసలు కొలతంత నిక్కచ్చిగా లేదు కానీ పనికొస్తుంది. నేను అక్కడే నేల మీద కూలబడ్డాను. కార్కు పొడి చీరకంతా అంటుకుంది.

ఆ వారమంతా అత్త ఇంటి ముందు పాత బూట్ల సంచులతో తల్లిదండ్రులు నిలబడ్డారు. తెచ్చినవాళ్ళ పిల్లల పాదాలు వెనక్కి వచ్చాయి. కొందరు దాచుకోలేదు. వీధి చివర బేకరీ ఆయన కూతురివి ఒక్క జత కూడా మిగల్లేదు. చిన్నవైపోగానే ఎవరికో ఒకరికి ఇచ్చేశారు. ఆ పిల్లకు అత్త కేవలం చూపుతో, చేతి అంచనాతో కుట్టాల్సి వచ్చింది. కార్కు ఎత్తు కాస్త ఎక్కువైంది. కొన్నాళ్ళకే మడమ పక్కన పెద్ద పొక్కు లేచి చితికిపోయింది. మానేదాకా బూటు తొడగడానికి లేదు, బూటు లేకుండా నడవడానికి లేదు.

బేకరీ ఆయన కోప్పడలేదు. "మీరేం చేస్తారమ్మా" అన్నాడు. కోప్పడి ఉంటే బాగుండేది. ఆయన వెళ్ళాక అత్త ఆ బూటును బల్ల మీద పెట్టుకుని కూర్చుంది. ఇన్నేళ్ళలో ఆమె చేతి బూటు ఒక పిల్ల కాలు కొరకడం అదే మొదలు.

"నా చేత తప్పు చేయించాడు వాడు" అంది.

మర్నాడు చిన్నమామయ్యను మళ్ళీ అడిగింది, వీడియో తీసెయ్యమని. ఆయన వచ్చే నెల పెద్ద వేదిక మీద ప్రోగ్రామ్ ఉందనీ, ఆ వీడియో చూసే పిలిచారనీ, ఈ ఒక్కసారికి వదిలెయ్యమనీ బతిమాలాడు. అత్త మూడోసారి అడగలేదు.

ఈలోగా నేను ఇంటి కంప్యూటర్‌ను మళ్ళీ మొదటి నుంచి సిద్ధం చేశాను. అంతా తుడిచేసి, మెకానిక్ ప్రోగ్రామ్ పీకేసి, మరమ్మతుకు మనిషే రావాలని దుకాణానికి చెప్పాం. అప్‌డేట్ అడిగినప్పుడల్లా రేపు అనే మీట నొక్కడం అత్తకు అలవాటు, అది మాన్పించాను. రోజువారీ పనికి ఏదీ ఎక్కించే అధికారం లేని వేరే ఖాతా పెట్టాను. ఆ కంప్యూటర్లో ఉత్తరాలూ వీడియోలూ చూడకూడదన్నాను. డిస్కులు రెండు చేశాం. కాపీ తీసేంతసేపే తగిలించి పీకెయ్యాలి. ఒకటి అత్త బీరువాలో, రెండోది మా ఇంట్లో. అవి రెండూ వారం వారం చోట్లు మారతాయి. ప్రయోగశాలలో మేం ముఖ్యమైన నమూనాను ఒకే ఫ్రిజ్‌లో ఎప్పుడూ ఉంచం. తెచ్చిన ప్రతిసారీ ఎవరో ఒక పిల్ల పాదం తెరిచి చూసుకుంటాం. తెరిచి చూడని కాపీ ఉన్నట్టా లేనట్టా అన్నది ఎవరూ చెప్పలేరు. పాస్‌వర్డ్ ఒక వాక్యమంత పొడుగు పెట్టమన్నాను. పెట్టింది. అదేమిటో నాకు కూడా చెప్పలేదు.

"ఇక లోపలికి రాలేడు కదా?" అని అడిగింది.

"రావడం చాలా కష్టం."

"నాకు వాడు రావాలి" అంది అత్త.

అటక మీద ఆమె పాత కంప్యూటర్ ఒకటి ఉంది. దాన్ని దింపించి, ఇంటి లైనుతో సంబంధం లేకుండా వేరే సిమ్ పెట్టి నడపమంది. మెకానిక్ ప్రోగ్రామ్ దాంట్లో మళ్ళీ ఎక్కించి, కంప్యూటర్‌కూ దానికీ తను చెప్పిన ఒకే పాస్‌వర్డ్ పెట్టమంది. ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో రాసుకునే ఏర్పాటు కూడా చెయ్యమంది. ఇది ఎవరికీ సలహాగా చెప్పే పని కాదు. కానీ బేకరీ పిల్ల మడమ నేనూ చూశాను. చేశాను.

కొన్నాళ్ళకు చిన్నమామయ్య ల్యాప్‌టాప్ చెడిపోయింది. వేదిక మీద చూపించాల్సిన వీడియోలు సిద్ధం చేసుకోవడానికి చోటు లేక తంటాలు పడుతున్నాడని విని అత్తే ఫోన్ చేసింది.

"ఇక్కడ పాతది ఖాళీగానే ఉంది. వచ్చి చేసుకో. టీ కూడా ఇస్తా."

ఆయన పొంగిపోయాడు. వదిన కోపం పోయిందనుకున్నాడు. తన ఫైళ్ళన్నీ తెచ్చి ఆ పాతదాంట్లో పోసుకున్నాడు. అత్త నాతో, రోజూ ఆయన వెళ్ళగానే వాటి కాపీ తీసి డిస్కు పీకి తనకివ్వమంది. ఎందుకని నేను అడగలేదు. అప్పటికి నాకూ అర్థమైంది.

మొదటి రోజు ఆయన కుర్చీ లాక్కుంటూ, "పాస్‌వర్డ్ ఏంటి వదినా?" అన్నాడు.

"చెప్పను" అంది అత్త, తోలు మీద నుంచి చూపు ఎత్తకుండా.

"చాల్లే వదినా, నేనేమన్నా పరాయివాడినా?"

"చెప్పను అన్నానుగా."

ఆయన నావైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను. కాసేపటికి ఆయన మొహం మెల్లగా వెలిగింది. మీటలు నొక్కాడు. తెరుచుకుంది.

"చెప్పను. వదినా, నువ్వు మామూలు మనిషివి కాదు" అని కడుపు పట్టుకుని నవ్వాడు. అత్త సూదిలో దారం ఎక్కించుకుంది.

ఆ వారంలోనే రెండో వీడియో వచ్చింది. అదే స్టూలు, అదే ఏప్రాన్, ఈసారి చెప్పను జోకు. ఆయన భుజం వెనక పాత కంప్యూటర్, అత్త తెరిచి ఉంచిన మెకానిక్ ప్రోగ్రామ్, దాని నెంబరు. జనం మళ్ళీ నవ్వారు. నేను అది చూస్తున్నంతసేపూ ఆ నవ్వేవాళ్ళలో వాడెవడా అనే ఆలోచించాను.

ఎక్కువ రోజులు ఆగాల్సిన పని పడలేదు. ఒక మధ్యాహ్నం చిన్నమామయ్య తలుపు తీసుకుని వచ్చి, తెర వెలిగించి, అలాగే నిలబడిపోయాడు. ఎర్రటి అక్షరాలు. ఇంగ్లీషు. చివర్లో మన మాటలు.

ఇప్పుడైనా చెప్పు.

"వదినా, నా ప్రోగ్రామ్" అన్నాడు. "అన్నీ దీంట్లోనే ఉన్నాయి. ఇంకో పది రోజులు కూడా లేదు."

"నవ్వు" అంది అత్త.

"వదినా."

"జోకే కదా. నవ్వు. ఎవడో దూరదేశం దొంగ. రోజుకు ఎన్ని కంప్యూటర్లు పోవడం లేదు?"

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తలెత్తి, "ఇలా అవుతుందని నీకు ముందే తెలుసా?" అన్నాడు.

"తెలుసు."

"తెలిసి ఊరుకున్నావా?"

"వీడియో తియ్యమని రెండుసార్లు చెప్పా. నువ్వు రెండోది తీశావు."

అప్పుడు అత్త లేచి, బీరువా తీసి, డిస్కు తెచ్చి ఆయనకు అందేంత దూరంలో పట్టుకుంది. నీ ఫైళ్ళన్నీ దీంట్లో ఉన్నాయి అంది. ఆయన చెయ్యి చాచాడు. ఆమె డిస్కు వెనక్కి తీసుకుని ఏప్రాన్ జేబులో వేసుకుంది.

"బేకరీ ఆయన కూతురు స్కూలుకు పోవడం లేదు. బూటు తొడగలేదు, నడవలేదు. వాళ్ళ నాన్నకు పొద్దున పొయ్యి వదిలి రావడం కుదరదు. రేపటి నుంచి నువ్వు ఎత్తుకుని తీసుకెళ్ళు, ఎత్తుకుని తీసుకురా. ఆ పిల్ల మడమ మానిన రోజు నీ డిస్కు నీది."

"ఇది వాడు చేసిందే కదా వదినా. తాళం వేసి బేరం పెట్టడం."

"అవును. వాడి దగ్గరే నేర్చుకున్నా."

ఆమె మొహంలో ఆ క్షణాన కనిపించిన తృప్తిని నేను మరెప్పుడూ చూడలేదు. మేస్త్రీ ముందు పాత బూటు పెట్టినప్పుడు ఇలాగే ఉండి ఉంటుంది. నాకు కొంచెం భయం వేసింది. అయినా డిస్కు ఆయనకు ఇచ్చెయ్యమని మాత్రం అనలేకపోయాను.

చిన్నమామయ్య మోశాడు. మొదట్లో మొహం మాడ్చుకుని మోశాడు. ఆ పిల్ల బొద్దుగా ఉంటుంది, పైగా ఆయన్ని వీడియోల్లో చూసి ఉంది. "మామా, చెప్పు జోకు చెప్పు" అని దారంతా పీడించేది. ఆయన చెప్పేవాడు కాదు. ఒకరోజు ఆ పిల్ల, "అది చెప్పినందుకే నా కాలికి ఇలా అయిందంట కదా" అందట, ఎక్కడ విందో. ఆ సాయంత్రం ఆయన వచ్చి ఎవరూ అడక్కుండానే రెండు వీడియోలూ తీసేశాడు. తర్వాత అదే స్టూలు మీద కూర్చుని, ఏప్రాన్ లేకుండా, నవ్వించకుండా, ఏం జరిగిందో చెబుతూ ఒక చిన్న వీడియో పెట్టాడు. పాస్‌వర్డ్ అనేది నలుగురిలో చెప్పుకునే మాట కాదనీ, తెర ముందు కూర్చుని ఫొటో దిగేముందు వెనక్కి ఒకసారి తిరిగి చూసుకోమనీ చెప్పాడు. దాన్ని చాలా కొద్దిమందే చూశారు.

మడమ మానింది, ప్రోగ్రామ్‌కు ముందే. అత్త ఈసారి బేకరీ పిల్లకు కుట్టిన బూట్లు తొడిగించి, గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు ఎన్నోసార్లు నడిపించి, విప్పి, మడమ చుట్టూ వేలితో నొక్కి చూసింది. ఎరుపు లేదు. అప్పుడు జేబులోంచి డిస్కు తీసి చిన్నమామయ్య చేతిలో పెట్టింది. ఆయన్ని క్షమించిందా అంటే చెప్పలేను. టీ మాత్రం ఇచ్చింది.

పాత కంప్యూటర్ రాసుకున్న వివరాలన్నీ పోలీసులకు ఇచ్చాం. ఈసారి ఆ అధికారి సముద్రాల మాట ఎత్తలేదు. ఆ లైను చాలా దగ్గరిదే, చూస్తున్నాం అన్నాడు. ఇంకా చూస్తూనే ఉన్నారు. అత్త నెలకోసారి వెళ్ళి అడిగి వస్తుంది. విసుక్కోవడం మానేసి ఆమెకు కుర్చీ వేయడం అలవాటు చేసుకున్నారట.

మొన్న పాపకు కొత్త కొలత తీయించడానికి వెళ్ళాను. తెర మీద నీలం మీద ఎరుపు పరుచుకుంది. రెండూ దాదాపు ఒకదానిమీద ఒకటి సరిపోయాయి. పాదం మళ్ళీ లోపలికి తిరగడం లేదన్నమాట. అత్త ఫైలు దాచి, డిస్కు తగిలించి, కాపీ తీసి, పీకి, నా సంచిలో వేసింది. పాప ఈలోగా గదంతా తిరుగుతూ గోడ దగ్గర ఆగింది.

పిల్లల అచ్చుల మధ్య ఒక పెద్ద చెప్పు వేలాడుతోంది. ఒక్కటే. దాని జత లేదు. నాలుగు పొరల తోలు, అంచు చుట్టూ దగ్గర దగ్గరగా జోడు కుట్టు, మడమ దగ్గర ఇనుప మేకులు. అత్త చేతి పనిలో అంత బరువైనది నేను చూడలేదు.

"ఇది ఎవరి కాలికి మామ్మా?" అంది పాప.

"కాలికి కాదు" అంది అత్త. "వాడు దొరికాక చెప్తా."